శుక్రవారం సాంబ్రాణి, శనివారం ఆట

శుక్రవారం సాయంత్రం ఇంట్లో సాంబ్రాణి వేస్తే ఎవరికైనా దేవుడి గది గుర్తొస్తుంది. లేదా తలంటిన పసిపిల్లకి ధూపం పట్టడం గుర్తొస్తుంది. నాకు మాత్రం అమెరికాలో, మినసోటా రాష్ట్రంలో, ఓ చిన్న కాలేజీ జిమ్ కింద నేలమాళిగలో ఉండే గది గుర్తొస్తుంది. నాలుగు ఎత్తు బల్లలు, గుర్రుగుర్రుమనే ఐసు మిషను, గోడవారగా తెల్ల టేపు పెట్టెలు. ఫుట్‌బాల్ కుర్రాళ్ళ చీలమండలకి టేపు చుట్టే ముందు చర్మానికి కొట్టే జిగురు మందులో టింక్చర్ బెంజాయిన్ ఉండేది. బెంజాయిన్ అంటే ఇంకేదో కాదు, మన సాంబ్రాణే. ఆ చెట్టు బంకని స్పిరిట్‌లో కరిగిస్తే టింక్చర్, నిప్పుల మీద చల్లితే ధూపం.

విదేశీ విద్యార్థి చదువు నడుస్తున్న రోజుల్లో కాలేజీ ఆవరణలో వారానికి 20 గంటలకి మించి పని చెయ్యకూడదని వీసా నిబంధన. నా 20 గంటలూ ఆ గదిలోనూ, పక్కనున్న సామాన్ల కొట్లోనూ గడిచాయి. నా సంగతి అంతే. చెప్పాలనిపించేది ఆ ఆటని నడిపే చిన్న కాలేజీ కోచ్‌ల గురించి. ముఖ్యంగా మా లీగులోనే ఉండి, మేము మోసిన మోతల్లో సగం అక్కర్లేదని తేల్చేసిన జాన్ గలార్డి అనే ఒక పెద్దాయన గురించి. ఆయన పోయింది ఓ అక్టోబర్ నెలలో. అక్టోబరూ సాంబ్రాణీ ఒకేసారి తగిలాయంటే ఇక ఆ రోజుకి వేరే పని సాగదు.

ఫుట్‌బాల్ అంటే కాలితో ఆడేది కాదని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను. కొసలు తేలిన బంతి, పక్షానికి 11 మంది, పది గజాలు ముందుకి పోవడానికి నాలుగు ప్రయత్నాలు. నాలుగింట్లో పది గజాలు దాటితే మళ్ళీ నాలుగు, దాటకపోతే బంతి అవతలివాళ్ళకి. కబడ్డీ తెలిసినవాడికి దీని పట్టూ విడుపూ అరగంటలో అర్థమవుతాయి. అర్థం కానివి నియమాలే.

*

ముందు ఆ టేపు సంగతి.

కుర్రాడు బల్ల మీద కాళ్ళు చాపి కూర్చుంటాడు, మడమలు బల్ల అంచు దాటి బయటికి ఉండాలి. పాదాన్ని నిటారుగా, ముంగాలికి సరిగ్గా తొంభై డిగ్రీల్లో పట్టుకోమని చెప్పాలి. కబుర్లలో పడి వాల్చేస్తాడు. వాల్చిన పాదానికి చుడితే, లేచి నిలబడేసరికి టేపు ముందువైపు ముడతలు పడుతుంది, వెనక మడమ నరాన్ని కోస్తుంది. అందుకని చుడుతున్నంతసేపూ వాడి మునివేళ్ళని మన పొట్టకి ఆనించుకుని నెట్టి పెట్టేవాళ్ళం. మాటలు వాడివి, పాదం మాది.

మందు కొట్టాక, మడమ వెనకా పాదం వంపులోనూ వేజలీన్ రాసిన పల్చటి స్పాంజి ముక్కలు పెట్టాలి. లేసులు ఒత్తుకునేదీ పొక్కులు లేచేదీ అక్కడే. వాటి మీద నురుగులాంటి పల్చటి పట్టీ ఒక్క పొర. రెండు పొరలు వేస్తే మెత్తగా బాగానే ఉంటుంది గానీ టేపు చర్మాన్ని పట్టుకోదు, పావుగంట పరిగెత్తేసరికి మొత్తం మేజోడులా తిరిగిపోతుంది. ఆ తర్వాత చీలమండ ఎముకకి జానెడు పైన రెండు చుట్లు. వాటిని లంగరు అనేవాళ్ళు, మిగతాదంతా వాటికే వేలాడుతుంది మరి. లంగరు లోపలి అంచు నుంచి మొదలుపెట్టి, మడమ కిందుగా తీసుకొచ్చి, బయటివైపు పైకి లాగి అంటించే పట్టీలు మూడు. గుర్రపు రికాబులో పాదం పెట్టినట్టు ఉంటుందని వాటికి రికాబులనే పేరు. చీలమండ ఎక్కువగా మెలికపడేది పాదం లోపలికి తిరిగినప్పుడే. అందుకే లాగడం ఎప్పుడూ లోపల్నుంచి బయటికి. తిరగేసి లాగితే మందుకి బదులు రోగాన్ని చుట్టినట్టే. ఆపైన ఎనిమిది అంకె ఆకారంలో ఒకటి రెండు చుట్లు, మడమని అటూ ఇటూ బిగించే తాళాలు, చివర్న సందులు కప్పడం.

టేపు ఒకటిన్నర అంగుళం వెడల్పు, చుట్టకి 15 గజాలు, పెట్టెకి 32 చుట్టలు. చెయ్యి తిరిగినవాళ్ళు ఒక పాదాన్ని రెండు నిమిషాల్లో ముగిస్తారు. రెండు గోళ్ళ మధ్య పట్టుకుని ఒక్క విసురున చింపాలి. అంచు మడత పడిందంటే ఎంత లాగినా చిరగదు, దాన్ని వదిలేసి పక్కన మొదలుపెట్టడమే. ముడత పడిన చోట పొక్కు లేస్తుంది. సందు మిగిలితే అందులోకి చర్మం నొక్కుకుని తెగుతుంది. చిటికెన వేలి వెనక ఎముక దగ్గర బిగిస్తే రెండో క్వార్టరుకల్లా వేళ్ళు తిమ్మిరెక్కి, కుర్రాడు కుంటుకుంటూ వచ్చి మన మొహం కేసి చూస్తాడు.

నాలుగు బల్లల మీద ఒకేసారి చుట్టలు చింపే చర్‌ర్, చర్‌ర్ శబ్దం. మధ్యాహ్నం మూడింటికి మొదలై నాలుగింటికి ఆగిపోయేది. ఆ తర్వాత మైదానంలో ఈల.

సీజను మొదట్లో ఆ బల్లల దగ్గర వరస పొట్టిగా ఉండేది. అక్టోబర్ సగమయ్యేసరికి తలుపు దాటి మెట్ల దాకా పాకేది. కారణం శనివారాలు మాత్రమే కాదు. మంగళ, బుధవారాల్లో సొంత జట్టువాళ్ళనే ఒకరి మీద ఒకర్ని ఉసిగొల్పి నేలకి పడగొట్టించే ప్రాక్టీసులు. ఈ మాట అప్పట్లో పైకి అనడానికి ఎవరికీ నోరొచ్చేది కాదు.

*

చిన్న కాలేజీ అంటే ఏమిటో చెప్పాలి. 1973లో కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ తన కాలేజీల్ని మూడు డివిజన్లు చేసింది. టీవీలో లక్షమంది జనంతో కనబడేది మొదటిది. మూడోదాంట్లో ఆటకని స్కాలర్‌షిప్ ఇవ్వకూడదు. బంతి ఎంత బాగా పట్టినా ఫీజు ఫీజే. చదువుకో, ఇంటి ఆదాయానికో దొరికే సాయం ఏమైనా ఉంటే అదే.

దీంట్లో ఒక లెక్కుంది, బయటివాళ్ళకి చప్పున తట్టదు. రెండువేల మంది కూడా చదవని కాలేజీకి ఫుట్‌బాల్ పేరు మీద వచ్చే వందమంది కుర్రాళ్ళంటే ఫీజు కట్టే వంద కుటుంబాలు. కాబట్టి అక్కడ కోచ్ అన్నవాడు సగం అడ్మిషన్ల గుమాస్తా. చలికాలమంతా కారేసుకుని మంచులో హైస్కూళ్ళ చుట్టూ తిరుగుతాడు. పెద్ద యూనివర్సిటీలు పొట్టి అనో, నిదానం అనో వదిలేసిన కుర్రాళ్ళని ఏరుకుంటాడు. మా కోచ్ దగ్గర స్పైరల్ నోటుపుస్తకం ఉండేది. కుర్రాడి పేరు, ఎత్తు, బరువు ఒక వరసలో. కింది వరసలో వాళ్ళమ్మ పేరు, లెక్కల్లో మార్కులు, చెల్లెలు ఏ క్లాసు, ఇంట్లో కుక్క పేరు. కాలేజీ ఏదో తేల్చేది నాన్న కాదు, వంటింటి బల్ల దగ్గర కాగితాలు ముందేసుకుని కూర్చునే అమ్మ అని ఆయన నమ్మకం. ఎప్పుడూ తప్పినట్టు చూడలేదు.

మిగతా సగంలో పాఠాలు చెప్పాలి. బౌలింగు క్లాసు, ఆరోగ్యం క్లాసు, వసంతంలో ట్రాకు జట్టు. జీతమిచ్చే సహాయకులు ఇద్దరో ముగ్గురో. ఇంకా ఇద్దరు కుర్ర సహాయకులు, చదువు అయ్యీ అవకుండానే ఈ వృత్తిలోకి దిగినవాళ్ళు. హాస్టల్లో ఉచితంగా గది, మెస్సులో భోజనం, అదే సింహభాగం వాళ్ళ సంపాదన. రెండేళ్ళు ఇక్కడ, మూడేళ్ళు ఇంకో రాష్ట్రంలో. పెళ్ళయ్యాక భార్య ప్రతిచోటా కొత్త ఉద్యోగం వెతుక్కోవడం. ముప్ఫై అయిదు దాటేలోపు సగం మంది ఇన్సూరెన్సు అమ్మకాల్లోకో హైస్కూలు బడిపంతులు పనిలోకో మళ్ళిపోతారు. నిలబడినవాళ్ళకి మాత్రం అదొక వ్యసనం.

*

ఆదివారాల సంగతి వేరు. లీగులో పద్ధతేమిటంటే, వచ్చే వారం తలపడే జట్టుకి మన ఆట వీడియో టేపు ఇవ్వాలి, వాళ్ళది తెచ్చుకోవాలి. పూర్వం 16 ఎంఎం ఫిలిం ఉన్నప్పుడు శనివారం రాత్రి ల్యాబుకి పరిగెత్తి కడిగించేవాళ్ళట. నేను చూసినవి వీహెచ్‌ఎస్ రోజులు. ఆదివారం పొద్దున్నే రెండు ఊళ్ళకీ మధ్యలో హైవే పక్క పెట్రోలు బంకు. రెండు కార్లు, ఇంజను ఆపకుండా కిటికీలు దింపి క్యాసెట్లు మార్చుకోవడం. దొంగసారా వ్యవహారంలా ఉండేది చూసేవాళ్ళకి.

ఆ టేపు తియ్యడం ఒక విద్య. కెమెరా విలేకరులు కూర్చునే ప్రెస్‌బాక్సు కప్పు మీద, ఎంత ఎత్తులో ఉంటే అంత మంచిది. 22 మందీ ఫ్రేములో పట్టాలి. బంతి గాల్లోకి లేవగానే కొత్తవాడు బంతి వెంట జూమ్ చేసుకుంటూ పోతాడు. కోచ్‌కి బంతి అక్కర్లేదు, అది ఎక్కడ పడిందో ఆయనకి తెలుసు. ఎడమ మూల కాపలావాడు మొదటి రెండడుగులు ఎటు వేశాడన్నది కావాలి. కుర్రాళ్ళు గుమిగూడి విడిపోగానే రికార్డింగు, ఈల మోగి రెండు లెక్కపెట్టాక పాజ్. ఈ రెండూ ఒకే బటను. ఒకసారి వరస తప్పిందంటే అక్కణ్ణుంచి అంతా తిరగబడుతుంది. ఆట నడుస్తున్నంతసేపూ పాజ్, మధ్యలో జనం నీళ్ళు తాగడం, కోచ్ ముక్కు తుడుచుకోవడం రికార్డు. ఓ క్వార్టరంతా అలాంటి టేపు వచ్చిన ఆదివారం ఆఫీసులో ఎవరూ మాట్లాడుకోలేదు.

నవంబరు చలికి బ్యాటరీ అరగంటలో పడుకునేది. రెండోదాన్ని కోటు లోపలి జేబులో, ఒంటి వెచ్చదనంలో దాచేవాళ్ళం. ఆట అయ్యాక కెమెరాని సరాసరి వెచ్చటి గదిలోకి తీసుకెళితే లోపల తేమ పట్టి టేపు డ్రమ్ముకి అతుక్కుంటుంది. సంచీ జిప్పు మూసే ఉంచి, ఓ గంట నడవాలో వదిలేస్తే గానీ తియ్యకూడదు.

ఆటలో రెండు పక్షాలవీ కలిపి సుమారు 140 పట్లు, అంటే బంతి కదిలి ఈలతో ఆగే ఒక్కో ప్రయత్నం ఒక పట్టు. ఒక్కోదాన్నీ కోచ్ రిమోట్‌తో ముందుకీ వెనక్కీ నడిపిస్తాడు. టక్, జుయ్. టక్, జుయ్. చీకటి గదిలో ఆ శబ్దం, బొరుగుల్లా నమిలే పాప్‌కార్ను. ఎన్నో ప్రయత్నం, ఇంకా ఎన్ని గజాలు, మైదానంలో ఏ పక్కన, ఏ వరసలో నిలబడ్డారు, ఏం చేశారు, ఎంత వచ్చింది - ఒక్కో పట్టుకీ ఒక కార్డు. రాత్రి పదకొండింటికి కార్డుల్ని కుప్పలు పోస్తే అవతలి జట్టు అలవాట్లు బయటపడేవి. మూడో ప్రయత్నంలో ఇంకా రెండు గజాలే కావాల్సొస్తే వీళ్ళు ఎప్పుడూ కుడివైపే దూరుతారు, అలాంటివి. సోమవారానికల్లా వాటిని మార్కరుతో అట్టల మీద గీసి, మన రెండో జట్టు చేత అవతలివాళ్ళలాగా ఆడించాలి. ఇప్పుడు ఇదంతా ఇంటర్నెట్‌లో ఎక్కిస్తే ఆటగాడు ఫోనులో చూసుకుంటున్నాడు. మంచిదే. పెట్రోలు బంకు కాఫీ ఒక్కటే నష్టం.

*

గురువారం మైదానం గీతలు. వంద గజాల మైదానం, రెండు చివర్లా పదేసి గజాల గోలు జాగా, అంటే పొడవు 120 గజాలు. వెడల్పు 160 అడుగులు. ఐదు గజాలకో అడ్డగీత, నాలుగు అంగుళాల మందం. మూలలు లంబంగా రావాలంటే ఏం చేసేవాళ్ళో చూసి ఆశ్చర్యం వేసింది. మన తాపీ మేస్త్రీ ముగ్గు పోసేటప్పుడు తాడుతో కొలిచే మూలమట్టమే: ఒకవైపు మూడు, ఇంకోవైపు నాలుగు, ఏటవాలుగా ఐదు. అక్కడ వాటిని పదితో హెచ్చవేసి ముప్ఫై, నలభై, యాభై అడుగులు.

గడ్డి ముందురోజే కొయ్యాలి. పొడుగు గడ్డి మీద రంగు కొసలకే అంటుకుని, తర్వాత కోతలో గీతంతా మిషను సంచీలోకి పోతుంది. మంచు ఆరకముందు కొడితే రంగు కారి గీత అంచులు ఈకల్లా అవుతాయి. పాతకాలంలో సున్నం చల్లేవాళ్ళు. వానలో తడిసిన సున్నం మీద పడి మోచేతులు కాలి బొబ్బలెక్కిన కుర్రాళ్ళ కథలు ముసలి మైదానం మేస్త్రీ చెప్పేవాడు. కళ్ళలో పడితే ఇక చెప్పక్కర్లేదు. నీళ్ళ రంగు వచ్చాక ఆ బాధ పోయింది. 1993లో మైదానం మధ్య చిన్నగీతల రెండు వరసల్నీ దగ్గరికి జరిపి వాటి ఎడం 40 అడుగులు చేశారు. ఆ ఏడాది పాత కొలతల తాడు వాడి సగం మైదానం గీసేశాక నాలిక కరుచుకున్నవాళ్ళున్నారట.

హెల్మెట్ల గురించి కొంచెం చెప్పి వదిలేస్తాను. అంచు కనుబొమలకి రెండు వేళ్ళ పైన ఉండాలి. లోపలి సంచుల్లోకి సన్న సూదితో గాలి కొడతారు, సూదికి గ్లిజరిన్ రాయకపోతే వాల్వు చిరుగుతుంది. ముందు జాలీ పట్టుకుని అటూ ఇటూ తిప్పితే నుదుటి చర్మం హెల్మెట్‌తోపాటు కదలాలి. చర్మం కదలకుండా హెల్మెట్ మాత్రం తిరిగిందంటే వదులు. వెచ్చటి గదిలో గాలి కొట్టిన హెల్మెట్ బయట చలికి వదులైపోతుంది, గాలి ముడుచుకుంటుంది కదా. నవంబర్లో అందుకే మైదానం అంచున చిన్న పంపు జేబులో పెట్టుకుని తిరగాలి. చాలామంది సర్దేది ఆగస్టులో ఒక్కసారే.

*

ఇక ఆయన.

జాన్ గలార్డి. మిన్నియాపొలిస్‌కి వాయవ్యంగా సుమారు 80 మైళ్ళ దూరంలో కాలేజ్‌విల్ అనే చోట, 1857లో బెనెడిక్టైన్ సన్యాసులు పెట్టిన సెయింట్ జాన్స్ యూనివర్సిటీకి ఆయన కోచ్. అక్కడ మగపిల్లలే, ఆడపిల్లలకి పక్క ఊళ్ళో సెయింట్ బెనెడిక్ట్ కాలేజీ. అడవి, సరస్సు, ఆర్కిటెక్టు మార్సెల్ బ్రాయర్ గీసిన కాంక్రీటు చర్చి, దాని ముందు అట్ట నిలబెట్టినట్టుండే గంటల గోడ. పైన్ చెట్ల మధ్య పళ్ళెంలాంటి పల్లంలో స్టేడియం. జనం గట్టు మీద గడ్డిలో కూర్చునేవాళ్ళు.

మా బస్సు అక్కడికి వెళ్ళిన మొదటిసారి మా కుర్రాళ్ళు వరసలు కట్టి, లెక్కపెడుతూ, చప్పట్లు కొడుతూ వ్యాయామాలు చేస్తున్నారు. అవతల ఎర్ర జెర్సీలు నూట యాభైకి పైగా. చూస్తుండగానే కొంతమంది వెల్లకిలా గడ్డి మీద పడుకుని ఆకాశం కేసి చూస్తూ ఇవాళ ఎంత బాగుందో అని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. వెక్కిరింత అనుకున్నాం. అది వాళ్ళ కసరత్తట. ఆ మధ్యాహ్నం స్కోరు చెప్పను.

ఆయన పద్ధతి మొత్తం 'వద్దు'ల చిట్టా. ప్రాక్టీసులో ఈల వద్దు. ఇనప బండిని నెట్టించడం వద్దు. దండాలూ గుంజిళ్ళూ మైదానం చుట్టూ పరుగులూ వద్దు. గంటన్నర దాటి ప్రాక్టీసు వద్దు. వేసవిలో రోజుకి రెండుపూటలా వద్దు. ఎవర్నీ జట్టులోంచి తీసెయ్యడం వద్దు, అందుకే నూట యాభై మంది. సొంతవాళ్ళని నేలకి పడగొట్టడం అసలే వద్దు. దోమలెక్కువగా ఉంటే ప్రాక్టీసే వద్దు. రాసి పెట్టిన నియమం ఒకటే: నిన్నెలా చూడాలనుకుంటావో ఎదుటివాణ్ణి అలా చూడు.

తనని కోచ్ అని పిలవడం కూడా వద్దు. 'జాన్' అనాలి. బడిలో సార్ అనీ, ఊళ్ళో మాస్టారు అనీ అలవాటైన నోటికి తాత వయసు మనిషిని ఏకవచనంలో పేరు పెట్టి పిలవడం ఎంత ఎబ్బెట్టో మనకి తెలుసు. అవతలి జట్టు పద్దెనిమిదేళ్ళ కుర్రాళ్ళు 'జాన్, ఆ మూడోది మళ్ళీ చెయ్యమంటావా' అని అడుగుతుంటే మాకే ఒళ్ళు ముడుచుకుపోయేది.

ఇదంతా ఎక్కణ్ణుంచి వచ్చిందో చూస్తే ఉద్ధరణ సిద్ధాంతాలేవీ లేవు. 1926లో కొలరాడోలోని ట్రినిడాడ్ అనే బొగ్గుగనుల ఊళ్ళో పుట్టారు. తండ్రి ఇటలీ నుంచి వలస వచ్చినవాడు. 1943లో హైస్కూలు జట్టు కోచ్‌ని యుద్ధంలోకి పిలిచారు. జట్టు ఎత్తేస్తామన్నారు. కెప్టెన్‌గా ఉన్న ఈ పదహారేళ్ళ కుర్రాడు నేను నడుపుతానన్నాడు. నడిపేవాడు పాత కోచ్ కాదు కాబట్టి, కుర్రాళ్ళకి నచ్చని పనులన్నీ ముందు తీసేశాడు. బాతునడకలు తీసేశాడు. ప్రాక్టీసులో నీళ్ళు తాగనిచ్చాడు. ఇప్పుడు వింటే వింతగా ఉంటుంది గానీ, నీళ్ళు తాగితే మెత్తబడిపోతారని దప్పికతో ఆడించడం ఆ రోజుల్లో పెద్ద పెద్ద కోచ్‌ల పద్ధతి. ఇవన్నీ తీసేసినా జట్టు గెలిచింది. ఆపైన డెబ్భై ఏళ్ళు దాదాపు అదే పాఠం.

కాలేజీ కోచ్‌గా మొదలు 1949లో, మొంటానాలో హెలీనా ఊరి క్యారల్ కాలేజీ. నాలుగేళ్ళు, 24 గెలుపులు, 6 ఓటములు. బాస్కెట్‌బాల్ జట్టూ ఆయనదే. 1953లో 26 ఏళ్ళకి సెయింట్ జాన్స్‌కి వచ్చారు. ఆయనకి ముందున్న కోచ్ జానీ బ్లడ్ మెక్‌నాలీ, ఆడే రోజుల్లో పెద్ద పేరున్న ఆటగాడు, ఆ కాలేజీ పాత విద్యార్థి. కొత్తగా వచ్చిన కుర్రకోచ్‌కి కొన్నాళ్ళు ఐసు హాకీ జట్టు కూడా అంటగట్టారు. చిన్న కాలేజీ కదా, చేతులు ఖాళీగా ఉండనివ్వరు.

అక్కణ్ణుంచి కదల్లేదు. 60 సీజన్లు. 1963లో ప్రెయిరీ వ్యూ మీద 33-27, 1965లో లిన్‌ఫీల్డ్ మీద 33-0, 1976లో టౌసన్ మీద 31-28, అవి మూడు జాతీయ ఛాంపియన్‌షిప్‌లు. 2003 నవంబర్ 8న బెథెల్ మీద 29-26తో 409వ గెలుపు. గ్రాంబ్లింగ్ యూనివర్సిటీ కోచ్ ఎడ్డీ రాబిన్సన్ 408 దగ్గర ఆగిన లెక్క అలా దాటింది. అదే ఏడాది డిసెంబర్లో, వరసగా 55 ఆటలు గెలిచి వచ్చిన మౌంట్ యూనియన్‌ని 24-6తో పడగొట్టి నాలుగోది. అప్పటికాయనకి 77 ఏళ్ళు. 2012లో 86 ఏళ్ళకి మానేసేనాటికి మొత్తం 489 గెలుపులు, 138 ఓటములు, 11 డ్రాలు. కాలేజీ ఫుట్‌బాల్లో ఏ డివిజన్లోనూ అన్ని గెలుపులు ఇంకెవరికీ లేవు.

మా కొట్లో ఈలలు డజన్లకొద్దీ ఉండేవి. ఏడుగురు ఒకేసారి నెట్టే ఇనప బండి ఉండేది. దాని స్ప్రింగులకి గ్రీజు, చిరిగిన మెత్తలకి కుట్లు, తుప్పుకి రంగు, ఏటా ఆగస్టులో వారం రోజుల పని. ఢీకొట్టడానికి నిలబెట్టే దిండ్లు పదహారు. వానలో తడిస్తే ఒక్కోదాన్ని ఇద్దరు మొయ్యాలి. కాలేజ్‌విల్లో ఇవేవీ లేవని తెలిసిన రోజు మా సామాన్ల పెద్దాయన కాసేపు బండి కేసి చూసి, గ్రీజు డబ్బా మూత పెట్టి టీ తాగడానికి వెళ్ళిపోయాడు.

మరి గంటన్నరలో వాళ్ళేం చేసేవాళ్ళంటే, షార్టులూ స్వెట్‌ప్యాంట్లూ వేసుకుని శనివారం ఆడబోయే పట్లనే మళ్ళీ మళ్ళీ నడిచేవాళ్ళు. ఎవరు ఎటు అడుగెయ్యాలి, ఎన్నో అంగలో తల తిప్పాలి, అవతలివాడు పక్కకి జరిగితే ఎవరు ఎవర్ని పట్టాలి. పట్టే దాకా వెళ్ళి ఆగడం. పడగొట్టడం వాళ్ళకి ముందే వచ్చు, అది మర్చిపోయే విద్య కాదని ఆయన ధీమా. పదకొండు మందిలో ఒక్కడు తప్పుడు అడుగేసినా పట్టు చెడుతుంది, దాన్ని దిద్దడానికి కుర్రాడు ఒళ్ళు నొప్పుల్లేకుండా ప్రాక్టీసుకి రావాలి. మా వాళ్ళు శనివారానికి బుధవారం దెబ్బలతో వచ్చేవాళ్ళు. వాళ్ళు కొత్త కాళ్ళతో వచ్చేవాళ్ళు. నాలుగో క్వార్టరులో తేడా తెలిసిపోయేది, గట్టు మీద కూర్చున్న పిల్లలకి కూడా.

దీనికో మినహాయింపు చెప్పకపోతే అన్యాయం. చిట్టా నకలు కొట్టినంత మాత్రాన ఎవరికీ పని జరగలేదు. ఈలలు మానేసి, ఆ గంటన్నరనీ బాతాఖానీతో గడిపినవాళ్ళున్నారు. తీసేసిన చోట ఏం పెట్టాలో ఆయనకి తెలుసు, అది కాగితం మీద లేదు. ఇంకోటి, చుట్టుపక్కల కేథలిక్ హైస్కూళ్ళ మంచి కుర్రాళ్ళు ఎటూ కాలేజ్‌విల్‌కే వెళ్ళాలనుకునేవాళ్ళు. మా కోచ్‌ నోటుపుస్తకంలో ఎన్ని అమ్మల పేర్లు రాసుకున్నా అక్కడ చెల్లేది కాదు.

2010లో డార్ట్‌మత్ కాలేజీలో కోచ్ బడీ టీవెన్స్ ప్రాక్టీసుల్లో పడగొట్టడం మానేసినప్పుడు దేశమంతా వింతగా చెప్పుకున్నారు. 2016లో, డార్ట్‌మత్ కూడా ఉన్న పాత పేరున్న యూనివర్సిటీల ఐవీ లీగంతా సీజను నడుస్తుండగా అది మానేసింది. తలదెబ్బల భయం అందరికీ పట్టాక. కాలేజ్‌విల్‌లో అది అప్పటికే తాతల నాటి అలవాటు. ఆయన 2018 అక్టోబర్ 7న పోయారు, 91 ఏళ్ళకి. ఏటా డివిజన్ త్రీ ఉత్తమ ఆటగాడికిచ్చే బహుమతికి 1993 నుంచీ ఆయన పేరే.

ఆ లీగు కూడా ఇప్పుడు అప్పటిది కాదు. 1901 నుంచి సెయింట్ జాన్స్‌కి దాయాదిలా ఉన్న సెయింట్ థామస్ మరీ పెద్దదైపోయిందని లీగు బయటికి పంపేసింది. 2021లో అది ఏకంగా మొదటి డివిజన్‌కి వెళ్ళిపోయింది. అంతకుముందు 2017లో ఆ రెండూ మిన్నియాపొలిస్ బేస్‌బాల్ స్టేడియంలో తలపడితే 37,355 మంది వచ్చారు, మూడో డివిజన్లో ఎన్నడూ లేనంత జనం. దాయాదుల పోరు లేని సెప్టెంబర్లు ఎలా ఉంటాయో ఆ గట్టు మీద కూర్చునేవాళ్ళనే అడగాలి.

*

ఆట అయిపోయాక టేపు విప్పడం ఉంటుంది. చుట్టేటప్పుడున్న శ్రద్ధ ఎవరికీ ఉండదు. మొన తిరిగి మొద్దుగా ఉండే చిన్న కత్తి, దాని ముక్కుకి కాస్త వేజలీన్. చీలమండ ఎముక వెనక, లోపలివైపు మెత్తటి చోటు నుంచి దూర్చి, ఎముక చుట్టూ వంపు తిప్పుకుంటూ కిందికి రావాలి. ఎముక మీదుగా లాగితే చర్మం లేచొస్తుంది. తొడుగులా ఊడొచ్చిన టేపుని కుర్రాళ్ళు బంతిలా నలిపి మూలనున్న పీపాలోకి విసిరేవాళ్ళు. సగం బయట పడేవి. గెలిచిన రోజు ఎవరో ఒకరు ఏరేవాళ్ళు. ఓడిన రోజు మేమే ఏరాలి. చెమట, మట్టి, గడ్డి పసరు, వాటన్నిటి కింద తడిసిన సాంబ్రాణి.

ఆ తర్వాత ఒక్కొక్కడి మేజోళ్ళూ బనియనూ షార్టూ వాడి నంబరున్న పట్టాకి గుచ్చి వాషింగ్ మిషన్లో వెయ్యాలి. పట్టా బిగించకపోతే సోమవారం 54వ నంబరువాడి మేజోడు 71 దగ్గర తేలుతుంది, దాని మీద పంచాయితీ. గడ్డి మరకలున్న తెల్ల ప్యాంట్లు విడిగా నానబెట్టాలి, నెత్తురు మరకైతే చన్నీళ్ళలోనే. వేన్నీళ్ళు తగిలితే ఇక పోదు.

అవి తిరుగుతుండగా కెమెరా సంచీ జిప్పు తీసి, టేపు రెండు కాపీలు ఎక్కించడానికి పెట్టేవాళ్ళం. ఒకటి మనకి, ఒకటి వచ్చే వారం వాళ్ళకి. లేబులు మీద తారీకు, రెండు జట్ల పేర్లు, స్కోరు. పొద్దున ఎనిమిదింటికి పెట్రోలు బంకు దగ్గర ఇవ్వాలి.